పడవ ఇంజను మొరాయిస్తే?



ఎద్దు మొరాయిస్తే బండివాడు దిగి, కాడి ఒరుసుకుంటున్నదా, గిట్టలో రాయి ఇరుక్కున్నదా అని చూస్తాడు. ఇంజను మొరాయించినా అంతే. ఓపికగా వెతకాలి.

అమెరికాలో ఆష్‌కాష్ అనే ఊరున్నది. అక్కడి యూనివర్సల్ మోటారు కంపెనీ ‘అటామిక్ ఫోర్’ అనే పెట్రోలు ఇంజనును తయారుచేసేది. 1947లో మొదలైన ఆ తయారీ 1985 దాకా సాగింది. పేరు చూసి అణుశక్తితో నడుస్తుందనుకునేరు! అది 4 సిలిండర్ల మామూలు ఇంజనే. తెరచాప పడవల లోపల దాన్ని బిగించేవారు. గాలి పడిపోతే పడవను ఒడ్డు చేర్చేది అదే. ఇప్పటికీ కొన్ని పడవల్లో అది పనిచేస్తున్నది.

ముసలితనంలో ఈ ఇంజనుకు ఒక జబ్బు వస్తుంది. రేవులో బాగానే ఉండి, కొంత దూరం పోయాక ఆగిపోతుంది. పెట్రోలు ఉన్నది, బ్యాటరీ బాగున్నది. మరి లోపం ఎక్కడ?

పెట్రోలు మండటానికి నిప్పురవ్వ కావాలి. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ‘కాయిల్’ అనే తీగచుట్ట దాన్ని వేల వోల్టులకు పెంచితేనే రవ్వ పుడుతుంది. అయితే బ్యాటరీ కరెంటు కాయిల్‌కు తిన్నగా పోదు. పడవ నడిపేవాని ఎదుట ఉన్న మీటర్ల పలకకు పోయి, అక్కడి స్విచ్చి గుండా మళ్ళీ ఇంజను దగ్గరకు రావాలి. దారిలో ఎన్నో అతుకులు! ఉప్పుగాలికి వాటిలో చిలుము పడుతుంది. ఇత్తడి బిందెకు పట్టిన చిలుమును అమ్మ చింతపండుతో తోముతుంది చూశారా, అటువంటిదే. వేడికీ, అదురుకూ ఆ అతుకు మరింత చెడుతుంది.

వోల్టుమీటరు పెడితే ఒక్కొక్కసారి కాయిల్ దగ్గర 12 వోల్టులూ కనిపిస్తాయి. మోసపోకూడదు! గొట్టం సగం పూడిపోయినా, కుళాయి కట్టి ఉన్నంతసేపు ఆ సంగతి తెలియదు. తిప్పినప్పుడే ధార సన్నగా వస్తుంది. అలాగే, ఇంజనులోని ‘పాయింట్లు’ కలుసుకొని కరెంటు పారుతున్నప్పుడే కొలవాలి. బ్యాటరీ నుంచి బయలుదేరి ఒక్కొక్క అతుకే చూస్తూ పోవాలి. ఏ అతుకుకు ఈవల 12 ఉండి ఆవల 9 అవుతుందో, అక్కడే ఉన్నాడు దొంగ! బ్యాటరీ తీగ విప్పేసి, ఆ అతుకును శుభ్రం చేయాలి, లేదా కొత్తది వేయాలి.

కాని ఒక ప్రమాదం ఉన్నది. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువు. అది పడవ అడుగున చేరి ఉంటే ఒక్క రవ్వతో పేలిపోతుంది. అందుకే ముందుగా మూత తెరిచి, ఆ ఆవిరిని బయటికి తోసే ఫ్యానును కనీసం 4 నిమిషాలు తిప్పాలి. పెట్రోలు వాసన పూర్తిగా పోయిందాకా దేన్నీ ముట్టుకోరాదు. ఇది పనితెలిసిన పెద్దవారు చేయవలసిన పని.

మరి మీరేం చేయవచ్చు? ఇంట్లో వెలగని టార్చిలైటు ఉంటే తీసుకోండి. మొదట సెల్లులు మార్చి చూడండి. వెలగలేదా? స్ప్రింగుకు పట్టిన తుప్పును గరుకు కాగితంతో రుద్దండి. ఆ తరవాతనే బల్బు సంగతి. అన్నీ ఒక్కసారే మారిస్తే దీపం వెలగవచ్చుగాని, జబ్బేమిటో మీకు తెలియనే తెలియదు!