హెల్మెట్ లేని స్వేచ్ఛ

అమెరికాలోని సౌత్ డకోటాలో స్టర్జిస్ సుమారు 7 వేల జనాభా ఉన్న చిన్న పట్టణం. 1938లో స్థానిక క్లబ్బు పందేలతో మొదలుపెట్టిన బైకర్ల జాతరకు ఇప్పుడు ఏటా ఆగస్టులో లక్షల మంది తరలివస్తున్నారు. వందల మైళ్లు ఒంటరిగా బండి నడుపుకొని వచ్చేవారి సాహసం మెచ్చదగినదే. కానీ 18 ఏళ్లు నిండినవారికి ఆ రాష్ట్రంలో హెల్మెట్ తప్పనిసరి కాదు. అక్కడి బ్లాక్ హిల్స్ కొండల మలుపుల్లో పొద్దు వాలితే జింకలు అడ్డొస్తాయి. తోడు లేనివారు పడిపోతే చూసేవారుండరు. జాతర ఆదాయం అందుకునే ప్రభుత్వం తలల రక్షణను రైడర్ల ఇష్టానికి వదిలేయడం బాధ్యతారాహిత్యం. వయసుతో నిమిత్తం లేకుండా హెల్మెట్ తప్పనిసరి చేయాలి. ఒంటరి రైడర్లు కూడా చట్టం వచ్చేదాకా ఆగకుండా హెల్మెట్ పెట్టుకోవాలి, చీకటి పడకముందే బస చేరాలి.