ఒక్క మంత్రమే కంఠస్థం

ఈ వేసవి సెలవుల్లో మా యింట ఒక మాంత్రికుడు వెలిశాడు. వయస్సు పదకొండేళ్లు. మా తమ్ముడి మనవడు. ఒంటిమీద కవచం వుండకూడదట, చేత కరవాలం పట్టకూడదట, చిన్న బాకు లాంటిది వుండవచ్చునట. ఇక ప్రాణం సంగతి అడగకండి. నాలుగు ముఖాల పాచిక దొర్లిస్తే ఎంత పడితే అంత. మావాడికి రెండు పడింది. పిల్లి గీరినా చాలునన్నమాట!

ఇదంతా ఆటలో లెండి. పిల్లలందరూ మైపాడులో మా పాతింటికి చేరారు. పగలంతా సముద్రపు ఒడ్డున ఎండకు మాడి, చీకటి పడగానే వరండాలో చాప పరుచుకుని కూర్చునేవాళ్లు. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే యిద్దరు కల్పించారు. వైకుంఠపాళిలోలాగా ఇందులో నిచ్చెనలూ పాములూ కనిపించవు. ఒకరు కథ చెబుతారు, తక్కినవాళ్లు తలా ఒక పాత్ర. "గుహలో చీకటిగా వుంది. ఎడమవైపు నీళ్ల చప్పుడు. ఏం చేస్తారు?" అంటుంది కథ చెప్పే మా మనవరాలు. ఏం చేస్తారో వాళ్ల యిష్టం, ఏమవుతుందో పాచికల యిష్టం. మణిసిద్ధుడు కాశీమజిలీ కథ చెబుతూ వుంటే, వింటున్న గోపకుమారుడు ఒక్క గెంతున ఆ కథలోకే దూకినట్టు వుంటుంది.

నన్ను ఆకట్టుకున్నది మంత్రాల చట్టం. మా మనవరాలి దగ్గర వున్నది వాళ్ల నాన్న చదువుకునే రోజుల్లో కొన్నది, 1978 నాటి పుస్తకం. దాని ప్రకారం కొత్త మాంత్రికుడు రోజుకు ఒక్కటంటే ఒక్క మంత్రం బుర్రలో పెట్టుకోగలడు. రాత్రి నిద్రపోయి, తెల్లవారి గ్రంథం ముందు పావుగంట కూర్చుని కంఠస్థం చెయ్యాలి. ప్రయోగించిన మరుక్షణం అది మనస్సులోంచి తుడిచిపెట్టుకు పోతుంది. మళ్లీ నిద్ర, మళ్లీ గ్రంథం. మంత్రాన్ని బట్టి ఉచ్చారణ, ముద్ర, ద్రవ్యం కుదరాలి. చదువుతూ వుండగా ఎవరైనా ఒక్క దెబ్బ వేస్తే మంత్రం గంగలో కలిసినట్టే. ద్రవ్యాలు కూడా చూడండి: నిప్పుబంతి విసరాలంటే గబ్బిలపు పెంట, గంధకం కావాలి. నిద్రమంత్రానికి చిటికెడు సన్నని యిసుక, లేదా గులాబి రేకులు, అదీ కాకపోతే ప్రాణంతో వున్న కీచురాయి. మైపాడులో యిసుకకు కరువా? మావాడు రెండు జేబుల నిండా పోసుకున్నాడు.

రభస మూడోనాటి రాత్రి వచ్చింది. గుహ వాకిట్లో యిద్దరు కాపలావాళ్లు కునికిపాట్లు పడుతున్నారు. నాలుగు నాణేలు చేతిలో పెడితే తప్పుకునేవాళ్లే. మావాడు ఆగలేక నిద్రమంత్రం ప్రయోగించాడు. ఇద్దరూ గుర్రుపెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. గంట తిరక్కుండా లోపల ఏడుగురు దొంగలు చుట్టుముట్టారు. వాడి పినతల్లి కొడుకు యోధుడి వేషం. దెబ్బ తిని పడిపోయాడు. జేబు నిండా యిసుక వుంది. మంత్రం లేదు.

"ఇంకొక్కసారి, అక్కా! 2014లో వచ్చిన కొత్త పుస్తకంలో చిన్న మంత్రాలు ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు!"

"మనం ఆడేది ఆ పుస్తకం కాదు," అంది మా మనవరాలు.

వాడి గొంతు జీరబోయింది. "పెద్ద తాతయ్యా, నువ్వయినా చెప్పు!" అని నా మీదికి వచ్చాడు.

ఈ మరుపు చట్టం గైగాక్స్ సొంతం కూడా కాదు. జాక్ వాన్స్ అనే రచయిత 1950లో వెలువరించిన 'ది డైయింగ్ ఎర్త్' కథల్లోంచి తెచ్చుకున్నాడు. అమెరికా వాళ్లకు వింతగా వుంటే వుండవచ్చు గాని, నెల్లూరు సీమలో పుట్టినవాడికి వింత ఏముంది? 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో వున్న తిక్కనగారు తెలుగు చేసిన పదిహేను పర్వాల్లోనే వుంది గదా కర్ణుడి గతి! ఇంద్రుడు యిచ్చిన శక్తి ఒక్కసారికే పనికివస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నాడు. నడిరాత్రి ఘటోత్కచుడు విజృంభించి, కౌరవసేన హాహాకారాలు చేస్తే, వాడి మీద వేసేశాడు. ఇక మిగిలింది బ్రహ్మాస్త్రం. పరశురాముడి దగ్గర అబద్ధమాడి నేర్చుకున్న విద్య. గురుశాపం వల్ల సరిగ్గా ఆఖరి ఘడియలో అది గుర్తు రాలేదు.

ఇదంతా చెప్పి వాణ్ణి ఓదార్చవచ్చు. కాని కర్ణుడి కథ పిల్లవాడి కన్నీరు తుడుస్తుందా? "పోనీలే అమ్మా, ఒక్కసారికి వదిలెయ్యి" అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు పడక కుర్చీలో కునుకుతున్న మా తమ్ముడి మీద నా చూపు పడింది.

1964లో నాకు పదేళ్లు, వాడికి ఏడు. మా వూళ్లో ఒక ముసలాయన వుండేవాడు. వలలు అల్లుకునేవాడు. పిల్లలం 'తేలుతాత' అనేవాళ్లం. ఆయనకు తేలు మంత్రం వచ్చు. దానికీ చట్టం వుంది. డబ్బు ముడితే పారదు. నలుగురిలో పైకి చదివితే పారదు. గ్రహణం పట్టినప్పుడు సముద్రంలో మొలలోతు నీళ్లలో నిలబడి జపించకపోతే పదును పోతుంది. గ్రహణంనాడు ఆయన అలల్లో నిలబడి వుండటం నేను కళ్లారా చూశాను.

ఒక సాయంత్రం సరుగుడు తోటలో పుల్లలు ఏరుతూ వుంటే మా తమ్ముణ్ణి ఏదో కరిచింది. వాణ్ణి ఎత్తుకుని అందరూ తేలుతాత గుమ్మానికే పరుగెత్తారు. ఆయన లాంతరు దగ్గరగా పెట్టి పాదం చూశాడు. రెండు గాట్లు.

"ఇది తేలు గాదు నాయనా. పాము. పాముకు నా దగ్గిర మంత్రం లేదు. నెల్లూరికి ఎత్తకపోండి."

"ఏదో ఒకటి చదువు తాతా, తల్లికి కాస్త ధైర్యంగా వుంటుంది," అన్నారెవరో.

"నేను చదివితే మీరు ఆగతారు," అన్నాడు ఆయన. అని లేచి, తలుపు మూసేసుకున్నాడు.

ఆ తలుపు చప్పుడుకు మా అమ్మ ఏడ్చిన ఏడుపు ఈనాటికీ నా చెవుల్లో వుంది. మా నాన్న తమ్ముణ్ణి భుజాన వేసుకుని యిసుకలో పడుతూ లేస్తూ రోడ్డెక్కాడు. ఇందుకూరుపేట మీదుగా వెళ్లే వడ్ల లారీ ఒకటి దొరికింది. నెల్లూరు ఆస్పత్రిలో విరుగుడు యింజక్షన్లు యిచ్చారు. ఎనిమిది రోజులకు వాడు యింటికి వచ్చాడు.

తేలుకయినా ఆస్పత్రే దారి అని యిప్పుడు మనకు తెలుసు. ఎర్రతేలు కుడితే పసిపిల్లల ప్రాణానికే ముప్పు. తేలుతాత మంత్రం నిజంగా పారేదో లేదో నేను చెప్పలేను. తనకు రానిది ఏదో ఆయనకు తెలుసు. దాన్ని నలుగురి ముందు ఒప్పుకున్నాడు.

అందుకని నేను నోరు మూసుకున్నాను. మా తమ్ముడు మాత్రం కళ్లు తెరవకుండానే, "ఒరే, నీ దగ్గర మంత్రం లేదని ముందు నీ వాళ్లకు చెప్పు. నీ మీద ఆశ పెట్టుకుని నిలబడి వున్నారు," అన్నాడు.

వాడు ముక్కు ఎగబీల్చి చెప్పాడు. అంతే, చాప మీద సభ మారిపోయింది. ఒకడు బంగారు నాణేల సంచీ విప్పి దొంగల కాళ్ల ముందు వెదజల్లాడు. దొంగలు ఏరుకునేలోపల యిద్దరు యోధుణ్ణి మోసుకుని పరుగు. దారి చూపుతూ ముందు దివిటీ పట్టినవాడు మన మాంత్రికుడే. పాచికలు కూడా దయతలిచాయి. బంగారం పోయింది, మనుషులు మిగిలారు.

మర్నాడు కాఫీ వేళకు చూస్తే వాడు మెట్ల మీద కూర్చుని ఆ రోజుకు ఏ మంత్రం కంఠస్థం చెయ్యాలా అని పుస్తకం తిరగేస్తున్నాడు. ఒక్కటే గదా, తేలడం లేదు. అంతలో పెరట్లోంచి వాళ్లమ్మ కేక వినిపించింది. ఉతకడానికి వేసిన లాగు జేబుల్లోంచి సగం మైపాడు బయటపడిందట.