డ్రమ్స్ కి ఎనిమిది మైకులెందుకు?

మొన్న మా ఆఫీసు బ్యాండ్ పాట రికార్డు చేద్దామని ఫిలింనగర్ లో ఓ చిన్న స్టూడియోకెళ్ళాం. డ్రమ్స్ కి ఎనిమిది మైకులు పెట్టమని పట్టుబట్టింది మేమే. తీరా వింటే స్నేర్ రేకుడబ్బాలా మోగింది!

కారణం సింపుల్. శబ్దం అడుగు దూరం వెళ్ళడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. ఒకే దెబ్బ రెండు మైకులకి అంత తేడాతో చేరితే, కలిపినప్పుడు 560 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మైకులు పెరిగేకొద్దీ ఈ గొడవలూ పెరుగుతాయి. లేటయిన ప్రాజెక్టులో ఇంకో నలుగుర్ని పడేసినట్టన్నమాట :)

సౌండ్ ఇంజినీర్ నవ్వి నాలుగు పీకేశాడు. మిగిలినవి: కిక్ కి ఏకేజీ డి112, స్నేర్ కి 1965 నుంచీ వస్తున్న షూర్ ఎస్ఎం57, ఓవర్ హెడ్ గా రెండు కండెన్సర్లు. ఆ రెండూ స్నేర్ కి సమాన దూరంలో ఉండేలా టేపుతో కొలిచాడు. లెడ్ జెప్పెలిన్ తొలి ఆల్బమ్ (1969) రికార్డు చేసిన గ్లిన్ జాన్స్ పద్ధతే ఇది. అప్పుడు వినపడింది మావాడి చెయ్యి!

ఫిల్లులు ఎక్కువుంటే టామ్స్ కి మరో రెండు పెట్టుకోండి, కాదనను. కానీ సినిమా పాటల్లో డ్రమ్స్ చాలావరకు కంప్యూటర్లోనే తయారవుతున్న రోజుల్లో, మనిషితో వాయించేది ఆ మనిషి వినపడాలనే కదా? మిగిలిన డబ్బులతో డ్రమ్ స్కిన్స్ మార్చుకోండి. అరిగిపోయిన స్కిన్ ని ఏ మైకూ బాగుచెయ్యలేదు.