ఫొటోకెక్కని వలస

హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన రోజు సెప్టెంబర్ 17 వస్తే చాలు, పేరు మీద పంచాయితీ మొదలవుతుంది. ఒకరు విమోచనమంటారు, ఒకరు విలీనమంటారు, ఇంకొకరు సమైక్యత అంటారు. 2024 నుంచి తెలంగాణ ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంటోంది. ఎవరే పేరు పెట్టినా ఫ్లెక్సీల మీదా పత్రికల్లోనూ మళ్ళీ మళ్ళీ కనిపించేవి రెండే ఫొటోలు. బేగంపేట విమానాశ్రయంలో సర్దార్ పటేల్‌కు చేతులు జోడించిన నిజాం. భారత సైన్యపు జనరల్ చౌదరికి లొంగిపోతున్న నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్. మొదటిది 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం సంస్థానంపై జరిపిన పోలీసు చర్య నాటిది కూడా కాదు, 1949లో పటేల్ హైదరాబాద్ వచ్చినప్పటిది. ఇళ్ళూ గొడ్డూగోదా వదిలేసి పారిపోయిన జనం ఈ రెండింటిలోనూ లేరు. అందుకే జనం జ్ఞాపకంలోనూ లేకుండా పోయారు.

చనిపోయినవారూ ఆ ఫొటోల్లో లేరు. 27 వేల నుంచి 40 వేలు. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత హైదరాబాద్ సంస్థానంలో ప్రాణాలు పోగొట్టుకున్నవారి సంఖ్యపై సుందర్‌లాల్ కమిటీ వేసిన అంచనా ఇది. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లింలు. నెహ్రూ పంపగా వచ్చిన ఈ బృందం 1948 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 వరకు జిల్లాలు తిరిగింది. 109 ఊళ్ళకు చెందిన 500 మందికి పైగా మనుషులను విచారించింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయాయని తేల్చింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు తొక్కిపెట్టారు. ఫొటో ఉంటే తొక్కిపెట్టడం అంత సులువయ్యేది కాదు.

కర్నూలువాళ్ళకు ఆనాటి వలస పరాయి కథేమీ కాదు. తుంగభద్ర అవతలి గట్టున అలంపురం ప్రాంతం అప్పట్లో నిజాం ఏలుబడి, ఇవతల కర్నూలు మద్రాసు రాష్ట్రం. వేసవిలో ఇసుక తేలే ఆ ఏరే సరిహద్దు. నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళం రజాకార్ల దౌర్జన్యాలకు తాళలేక 1947-48లో జనం సంస్థానం పొలిమేర దాటి ఇవతలి జిల్లాలకు చేరారు. స్టేట్ కాంగ్రెస్ సరిహద్దు శిబిరాల్లో కర్నూలుది ఒకటి. అలా ఏరు దాటినవాళ్ళ ఫొటో ఏ పాఠ్యపుస్తకంలో ఉంది? అయిదేళ్ళు తిరిగేసరికి, 1953 అక్టోబర్ 1న, ఇదే ఊరు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రాన్ని నెహ్రూ ఇక్కడే ప్రారంభించారు. డేరాల్లో నడిచిన ఆ రాజధాని గురించి కర్నూలులో పిల్లలూ చెబుతారు. నాయకుడు వచ్చినచోటికి కెమెరా వచ్చింది, కాందిశీకుడు వచ్చినచోటికి రాలేదు.

కెమెరా వచ్చినంత మాత్రాన నిజమంతా వచ్చేస్తుందా? ఏటా ఆగస్టు 14న కేంద్రం దేశ విభజన విషాదాన్ని గుర్తుచేస్తూ ఊరూరా ఫొటో ప్రదర్శనలు పెట్టిస్తోంది. విభజన అనగానే చాలామందికి గుర్తొచ్చేవి లైఫ్ పత్రిక కోసం మార్గరెట్ బర్క్-వైట్ తీసిన ఫొటోలు. ఢిల్లీ పురానా ఖిలా గోడ మీద తల పట్టుకు కూర్చున్న పిల్లవాడు, అతని వెనక కిందంతా డేరాలు. ఆ శిబిరంలో అప్పుడు తలదాచుకున్నది ఢిల్లీ వదిలి పాకిస్తాన్ వెళ్ళాల్సిన ముస్లింలు. ఈ సంగతి తెలియకుండా చూసినవాడు ఆ దుఃఖాన్ని తనకు నచ్చిన పక్షానికి రాసిచ్చేస్తాడు. పైగా నడిచిపోతున్న కాందిశీకులను బర్క్-వైట్ వెనక్కి పంపి మళ్ళీ మళ్ళీ నడిపించిందని ఆమె వెంట ఉన్న విలేకరి లీ ఐటింగన్ తర్వాత చెప్పింది. వాళ్ళు భయంతో కాదనలేకపోయారట.

రజాకార్ల అఘాయిత్యాలను కప్పిపుచ్చడానికే సుందర్‌లాల్ లెక్క ఎత్తుతున్నారని కొందరి వాదన. బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న రజాకార్లు జరిపిన ఊచకోతను కప్పిపుచ్చడం ఎవరి తరమూ కాదు, కాకూడదు. అక్కడ బురుజు ఉంది, స్తూపం ఉంది. ఆ 27 వేల నుంచి 40 వేల మందికి ఏముంది? అది అంచనాయే, ఒక్కొక్క తలా లెక్కపెట్టింది కాదు. తప్పనుకుంటే ప్రభుత్వం తన లెక్క బయటపెట్టాలి. లెక్కా చెప్పకుండా, ఫొటో లేదన్న వంకతో ఆ చావులనే లేకుండా చేయడం దగా.

1948లో పదేళ్ళున్నవారికి ఇప్పుడు తొంభై దగ్గరపడుతోంది. కర్నూలులో, అలంపురంలో, బీదర్‌లో మిగిలిన ఆ కొద్దిమంది మాటలను విశ్వవిద్యాలయాలు ఈ ఏడాదే రికార్డు చేయాలి. వచ్చే సెప్టెంబర్ 17న నిజాం నమస్కారం ఫొటో పెట్టే ప్రతి సభలోనూ, ఏ పేరుతో జరిపినా సరే, దాని పక్కనే అంతే పెద్ద అక్షరాల్లో ఆ అంకె రాసిపెట్టాలి: 27 వేల నుంచి 40 వేలు.