రాష్ట్ర పక్షికి ఒక మోడు మిగల్చండి

దసరా నాడు పాలపిట్ట కనపడితే శుభమని ఊరంతా జమ్మిచెట్టు దారి పడుతుంది. పంజరంలో పెట్టి చూపించి డబ్బులడిగేవాళ్లూ ఆ రోజే బయలుదేరుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. నిజానికి ఆ పిట్టను కళ్లారా చూడాలంటే ఉగాది రోజులే సరైన కాలం. కరెంటు తీగ మీద కూర్చున్నంతసేపూ మట్టిరంగు పిట్టలాగే ఉంటుంది. జతకట్టే ఈ రోజుల్లో మాత్రం పైపైకి లేచి, గరగరా అరుస్తూ, అటూ ఇటూ ఒరుగుతూ కిందికి దూకుతుంది. అప్పుడు చూడాలి రెక్కల్లోని ముదురు నీలం, లేత నీలం! నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో ఈ విన్యాసం చూడటానికి టికెట్ అక్కర్లేదు.

పిట్టలు, సీతాకోకచిలుకలు అనగానే మనకు అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుర్తొస్తుంది. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఆ నల్లమల అడవిని వసంతంలో చూడాల్సిందే. ఆకు రాలిన కొమ్మల్లో పిట్ట ఎక్కడ వాలినా కంటపడుతుంది. మోదుగ పూసిందంటే తేనెపిట్టలు, గోరింకలు, ఏట్రింతలు ఎగబడతాయి. వాగుల్లో మిగిలిన తడి ఇసుక మీద సీతాకోకచిలుకలు గుంపుగా వాలి లవణాలు పీల్చుకుంటాయి. వాటిలో ఎక్కువ మగవే.

కానీ అభయారణ్యం ఒక్కదాన్ని కాపాడితే చాలదు. 2014లో మనం తెలంగాణ రాష్ట్ర చిహ్నాలుగా ఎంచుకున్న పాలపిట్ట, తంగేడు రెండూ బీళ్లనూ గెట్లనూ నమ్ముకున్నవే. పాలపిట్ట గూడు అల్లదు, తొర్రలో గుడ్లు పెడుతుంది. తల రాలిన తాటిమోడు దానికి మంచి ఇల్లు. లేత పసుపు, పాలతెలుపు సీతాకోకచిలుకలు తంగేడు ఆకుల మీద గుడ్లు పెడతాయి. జిల్లేడు ఆకు తిని పెరిగిన గొంగళిపురుగు నారింజ రంగు రెక్కలతో లేస్తుంది. జిల్లేడు విషం ఒంట్లో ఉంటుంది కనుక చాలా పిట్టలు దాని జోలికి పోవు.

నల్లగొండ బత్తాయి తోటలో లేత ఆకుల్ని దగ్గరగా చూడండి. పిట్ట రెట్టలా ఒక మరక కనిపిస్తుంది. పుల్లతో తాకితే కదులుతుంది, తల వెనక నుంచి రెండు కొమ్ములు చాచి ఘాటు వాసన వదులుతుంది. అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. లేత మొక్కలకు దానివల్ల నష్టం ఉన్నమాట నిజమే. అక్కడక్కడా ఉన్నప్పుడు చేత్తో ఏరేస్తే పోతుంది. తోటంతా మందు కొడితే పాలపిట్ట తినే మిడతలు, పేడపురుగులు కూడా చస్తాయి.

ఎండలు ముదిరేసరికి గెట్ల మీద ఎండుగడ్డికి నిప్పు పెడతాం, మోడు పనికిరాదని నరికేస్తాం, బీడును ఖాళీ జాగా అంటాం. గూళ్లు పెట్టే కాలమూ ఇదే. అందుకే సర్పంచులకూ రైతులకూ నా విన్నపం: ఇంటి మీదో దారి మీదో పడే ప్రమాదం లేని తాటిమోడును నరకొద్దని గ్రామసభలో తీర్మానం చేయండి. గెట్లు తగలబెట్టకండి. పల్లె ప్రకృతి వనంలో ఒక మూల తంగేడుకూ, జిల్లేడుకూ, రేగుకూ వదిలేయండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఊరు ఒక మాట మీద నిలబడితే చాలు. రాష్ట్ర పక్షి అని పేరు పెట్టుకున్నందుకు దానికి ఉండే చోటు చూపడం మన బాధ్యత.