ఖాళీ ఫ్రేము

సాహిత్యంలో డాక్టరేట్ అయ్యాక ఫొటోగ్రఫీ కోర్సులో చేరాను. మొదటి అసైన్‌మెంటు 'ప్రకృతి'. పాపికొండల దగ్గర గోదావరిని తీశాను. పొగమంచు, ఇసుకతిన్నె, ఒంటరి పడవ. క్లాసంతా మెచ్చుకుంది. రేవులో బిందెలు ముంచుతున్న కొండరెడ్డి స్త్రీలను నేను పక్కకి జరగమన్న సంగతి ఎవరూ అడగలేదు. వాళ్లు మారుమాట లేకుండా జరిగారు. జరగడం వాళ్లకి కొత్తా?

పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనమయ్యాయి. పోలవరం 2014లో జాతీయ ప్రాజెక్టయింది. ముంపు ఊళ్లను ఖాళీ చేయించే చూపుకీ, నా లెన్సు చూపుకీ తేడా ఏమిటి? రెండింటికీ కావలసింది మనుషుల్లేని నదే కదా!

స్త్రీని నదితో పోల్చే కవిత్వాన్ని థీసిస్‌లో దుయ్యబట్టిన నేనే, ఆ నది నీళ్లు మోసే స్త్రీని అడ్డమనుకున్నాను. "మనుషులొస్తే అది ప్రకృతి కాదు, డాక్యుమెంటరీ" అన్నారు మాస్టారు. ఆ గీత గీసిందెవరు? మనం ముచ్చటపడి తీసే అడవి దారి, కట్టెలు మోసిన కాళ్లు వేసిందే. అలాగని నెత్తిన బిందెతో వాళ్లను అందానికి నిలబెట్టడమూ న్యాయం కాదు. ముందు వాళ్లను అడగాలి. కాదంటే కెమెరా దించాలి.

ఆ ఫొటో చింపెయ్యలేదు. కింద రాసిపెట్టాను: 'ఇక్కడ నలుగురు స్త్రీలున్నారు. నేనే జరగమన్నాను.'