గొట్టం వేశాక పదహారో రోజు

మా చిన్నాన్నకు గాల్‌బ్లాడర్ రాళ్ల వల్ల పాంక్రియాస్ వాచింది. వార్డులో ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న: "ఎన్నేళ్ల నుంచి తాగుతున్నావ్?" ఆయన మందు ముట్టని మనిషి. నిజమే, ఈ జబ్బుకు తాగుడు కూడా పెద్ద కారణం, డాక్టరు అడగాల్సిందే. కానీ మా పేట పేరు విన్నాక అడిగిన ప్రశ్న అది. "తాగుతావా" అని కాదు, "ఎన్నేళ్ల నుంచి" అని.

ఏం తిన్నా వాంతి అవుతుంటే ఎండోస్కోపీ చేసి, ముక్కులోంచి సన్నని గొట్టాన్ని పొట్ట దాటించి చిన్నపేగులోకి పంపారు. కోత లేదు. సెలైన్ లాగా రక్తనాళం ద్వారా పోషణ ఇవ్వడం కంటే ఇది మేలు. పేగు పనిలో ఉంటుంది, ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి. ఆ పని చేసిన డాక్టరు మీద నాకే ఫిర్యాదూ లేదు.

చిక్కు ఇంటికి వచ్చాక మొదలైంది. పొట్ట సంచి లాంటిది, ఒక గ్లాసు ఒకేసారి పోసినా పట్టుకుంటుంది. చిన్నపేగు అలా కాదు. ఒక్కసారిగా పోస్తే కడుపునొప్పి, విరేచనాలు. కాబట్టి చుక్కచుక్కగా వెళ్లాలి. 50 కిలోల మనిషికి రోజుకు 1500 కేలరీలు అనుకుందాం. మిల్లీలీటరుకు ఒక కేలరీ ఉన్న ఫీడ్‌ను గంటకు 100 మి.లీ. చొప్పున ఎక్కిస్తే 15 గంటలు పడుతుంది. నీళ్లలో కలిపిన పొడి బయట ఉంటే 4 గంటలకు మించి వాడకూడదు. మధ్యమధ్యలో గొట్టం కడగాలి. పొట్టలోని ఆమ్లం కాపలా ఇక్కడ ఉండదు కాబట్టి కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి.

అంటే ఈ గొట్టం ఒక ఇంటిని ముందే ఊహించుకుంది: ఫ్రిజ్, పోని కరెంటు, శుభ్రమైన నీళ్లు, కూలికి పోనక్కర్లేని ఒక మనిషి. ఆ మనిషి దాదాపు ఎప్పుడూ ఆడమనిషే. మా పిన్ని మిరపకోతలు మానుకుని కూర్చుంది. పొడి డబ్బా అయిపోయిన రోజు రాగిజావ వడకట్టి పోసింది. గొట్టం పూడుకుపోయింది. మళ్లీ ఎండోస్కోపీ, మళ్లీ నగరానికి ప్రయాణం. అక్కడ విన్న మాట: "మీకు శుభ్రత తెలీదు." కాగితం మీద దాని మర్యాదైన పేరు నాన్-కంప్లయన్స్. కొనలేకపోవడాన్ని అలవాటుగా రాసిపెట్టే పదం అది.

ఇప్పుడు పథకాల సంగతి. 2023 డిసెంబరులో తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలు చేసింది. పెద్ద అంకెలే. అవి లెక్కపెట్టేది ప్రధానంగా ఆసుపత్రి లోపలి ఖర్చు. ఆయుష్మాన్ భారత్‌లో డిశ్చార్జ్ తర్వాత 15 రోజుల మందులు, పరీక్షలు ప్యాకేజీలో భాగం. ముక్కు గొట్టమేమో నాలుగు నుంచి ఆరు వారాలు ఉండొచ్చు. పదహారో రోజు నుంచి ఎవరి బాధ్యత?

2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ఆరోగ్య ఆసరా ఈ ఖాళీని కొంత గుర్తించింది. అప్పుడు ప్రకటించింది కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5000. మంచి ఆలోచనే. కానీ అది పోయిన కూలికి బదులు. 1500 కేలరీలకు దాదాపు 350 గ్రాముల ఫీడ్ పొడి కావాలి, 225 రూపాయలకు అది రాదు. పైగా పిన్ని కూలి ఆ లెక్కలో లేనే లేదు.

అడగాల్సింది పరిమితి పెంచమని కాదు. గొట్టం ఉన్నన్నాళ్లూ ఫీడ్‌ను మందుగా లెక్కగట్టి పీహెచ్‌సీ నుంచి ఇవ్వాలి. గొట్టం కడగడం, పూడిక తీయడం ఏఎన్ఎంలకు నేర్పాలి. చూసుకునే మనిషికి కూలి ఇవ్వాలి. ఆర్టీఐ వేసే విద్యార్థులు గొట్టాలు ఎన్ని వేశారని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. నెల లోపు మళ్లీ వేయాల్సి వచ్చినవి ఎన్ని, ఆ రోగులు ఏ కులాలవాళ్లు, ఏ ఊళ్లవాళ్లు అని కూడా అడగండి.